ఒకే కప్పు కింద గుడీ బడీ

స్వర్ణోత్సవ సంచిక సంపాదకవర్గం మిత్రులు నాకు అప్పగించిన పని చూడటానికి చిన్నదే. “సార్, మీరు సోషల్ టీచరుగా చేశారు కదా, మన పాత బిల్డింగు చరిత్ర నాలుగు పేజీలు రాసివ్వండి. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టించారు అనేవి మాత్రం తప్పకుండా ఉండాలి” అన్నారు. సరేనన్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని, నేను ఓనమాలు దిద్దిన గది చరిత్ర రాయడానికి ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను.

టేపు, నోటుబుక్కు పట్టుకుని వెళ్లాను. గోడల చుట్టూ రెండుసార్లు తిరిగాను. శిలాఫలకం లేదు. పొడవు నలభై ఎనిమిది అడుగులు, వెడల్పు పద్దెనిమిది. మట్టి గోడలు, పైన సున్నం. దూలాలన్నీ టేకు, రంపం తగలని చోట గొడ్డలి గాట్లు ఇప్పటికీ కనబడుతున్నాయి. పైన బెంగుళూరు పెంకు. పెద్దవాళ్లను అడిగితే, అంతకుముందు తాటాకు కప్పు ఉండేదని ఒకరు, రెల్లుగడ్డి అని ఒకరు చెప్పారు. బీరువాలో దొరికిన అతి పాత హాజరు పట్టీకి మొదటి పేజీలు లేవు, చెదలు తినేసింది. అంటే మన బిల్డింగుకు పుట్టినరోజు లేదు. పేరు పెట్టిన దాతా లేడు.

తేదీ దొరకనప్పుడు చరిత్ర టీచరు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఒకే గది వారంలో ఆరు రోజులు బడిగా, ఏడో రోజు గుడిగా ఎందుకు ఉండవలసి వచ్చింది? ఆ రెండు పనులూ కలిసి ఈ అడవి అంచు జనానికి ఏమిచ్చాయి, ఏమివ్వలేకపోయాయి? దీనికి జవాబు వెతకాలంటే ముందు గోదావరి దాటి అవతలికి వెళ్లాలి.

భద్రాచలానికి సుమారు పాతిక కిలోమీటర్ల ఎగువన దుమ్ముగూడెం ఉంది. పర్ణశాలకు వెళ్లినవాళ్లంతా ఆ దారి చూసే ఉంటారు. భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం నుంచి బ్రిటిషువారి చేతికి వచ్చింది. మొదట సిరొంచా కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లాలో భాగంగా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. 1874లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. ఆ రోజుల్లో దుమ్ముగూడెం పెద్ద పనిస్థలం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు, గోదావరి మీద పడవలు మధ్య భారతం దాకా నడవాలని, అక్కడి పత్తి నీటిదారినే సముద్రానికి దిగాలని ఆశ. దారిలో రాతి మడుగులు అడ్డం. మొదటి అడ్డంకి దుమ్ముగూడెం దగ్గరే. అక్కడ ఆనకట్ట కట్టారు, కాలువ తవ్వారు, పడవలు ఎక్కించి దించే లాకులు పెట్టారు. పనికి వేలమంది కూలీలు వచ్చారు. ఖర్చు పెరిగింది, రైలు వచ్చింది, నమ్మకం పోయింది. 1871లో పనులు ఆపేశారు. ఆ ఆనకట్ట ఇప్పటికీ ఉంది, పత్తి పడవలు మాత్రం రాలేదు.

ఆ పనులు చూసిన సైనిక ఇంజినీరు కెప్టెన్ హేగ్. తరువాత జనరల్ అయ్యాడు. చుట్టూ ఉన్న కోయల మధ్య పని చేయమని చర్చి మిషనరీ సొసైటీని పురికొల్పినవాడు ఆయనే. 1860 దశకంలో దుమ్ముగూడెం మిషన్ అలా మొదలైంది. అయితే కోయ గూడేలకు మొదట నడిచి వెళ్లినవాళ్లలో ముఖ్యుడు దొర కాదు, తెలుగువాడే. వెంకటరామరాజు అని, సర్కారు ఉద్యోగం చేస్తున్నవాడు క్రైస్తవుడై, ఆ ఉద్యోగం వదిలేసి, కోయల మధ్య పనికి పూనుకున్నాడు. తరువాత గురువుగా అభిషేకం కూడా పొందాడు. ఆ వెనుక వచ్చిన జాన్ కెయిన్ దీర్ఘకాలం అక్కడే ఉన్నాడు. కోయ భాష నేర్చుకున్నాడు. 1876లోనూ 1879లోనూ ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వ్యాసాలు రాశాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి వేసిన పెద్ద గ్రంథంలో కోయల గురించి ఉన్న సమాచారంలో చాలా భాగం కెయిన్ రాసిందే. కోయ భాషలో సువార్త కూడా అచ్చయింది. ఈ విషయం దగ్గరికి మళ్లీ వస్తాను. మన బిల్డింగు కథలో అసలు ముడి అక్కడే ఉంది.

మిషన్ వెళ్లిన ప్రతిచోటికీ బడి కూడా వెళ్లింది. కారణం తేలికే. పుస్తకం చదవడం మీద నిలిచిన మతం అది, చదువు రాని ఊరిలో అక్షరాలతోనే మొదలుపెట్టాలి. కానీ ఊరికో గుడి, ఊరికో బడి, రెండు కట్టడాలు, రెండు జీతాలు అంటే ఎవరు పెట్టగలరు? అందుకే ఒక పాక వేశారు. ఒక మనిషిని పెట్టారు. పగలు ఆయన పంతులు, చీకటి పడ్డాక ఉపదేశి. పాకను కొన్నిచోట్ల ప్రార్థన ఇల్లు అన్నారు, కొన్నిచోట్ల బడి అన్నారు. మనవాళ్లు మాత్రం ‘గుడిబడి’ అన్నారు. నా దృష్టిలో అంతకంటే సరైన పేరు లేదు.

ఇక గోదావరికి ఇవతల, మన వైపు సంగతి. బూర్గంపాడు, పాల్వంచ అడవులన్నీ నిజాం రాజ్యంలోవి. నది దాటితే రాజు మారేవాడు, నాణెం మారేది, బడిలో భాష కూడా మారేది. అవతలి బడిలో తెలుగు. ఇవతల సర్కారు బడుల్లో ఉర్దూదే పైచేయి. ఆఫీసు ఉర్దూ, కోర్టు ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. సొంతంగా తెలుగు బడి పెట్టుకుందామంటే 1920 దశకంలో ఖానగీ పాఠశాలల నిబంధనలు వచ్చాయి. సర్కారు అనుమతి లేనిదే బడి నడపడానికి వీల్లేదు. అటువంటి కాలంలో మారుమూల పల్లెలో తెలుగు అక్షరం దొరికిన కొద్ది చోట్లలో ఈ ప్రార్థన పాకలు కూడా ఉన్నాయి.

ఈ వైపున పని డోర్నకల్ నుంచి, ఖమ్మంమెట్టు నుంచి నడిచింది. తిరునల్వేలి నుంచి వచ్చిన వి. ఎస్. అజరయ్య 1909లో డోర్నకల్‌లో స్థిరపడ్డారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. డోర్నకల్‌లోని పెద్ద దేవాలయం చూసినవాళ్లకు తెలుసు, దానిలో హిందూ గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి. దాని ప్రతిష్ఠ 1939 జనవరిలో జరిగింది. పెద్ద దేవాలయం లేచేదాకా, లేచాక కూడా, అధ్యక్ష ఖండాన్ని మోసింది మాత్రం పల్లెల్లోని మట్టి గోడల పాకలే. సంఘంలో చేరినవాళ్లలో అత్యధికులు మాలలు, మాదిగలు. పగలంతా కూలికి, పశువుల వెంట వెళ్లేవాళ్లు. అందుకే రాత్రి బడులు కూడా నడిచాయి. ప్రతి ఇంటా వంట ముందు తీసిన పిడికెడు బియ్యం ఆదివారం కానుకగా వచ్చేది. ఆ బియ్యంతో పంతులుగారి ఇల్లు గడిచేది.

మన బిల్డింగు ఆ కోవకు చెందిందే. నేను 1962లో అందులో ఒకటో తరగతిలో చేరాను. మాది క్రైస్తవ కుటుంబం కాదు. నన్ను అక్కడికి పంపడం మా నానమ్మకు బొత్తిగా ఇష్టం లేదు. “అక్కడ అందరితో కలిసి కూచుంటాడు, ఇంటికొచ్చి అన్నీ ముట్టుకుంటాడు” అని మా నాయనతో గొడవ పడింది. దగ్గరలో ఇంకో బడి లేదు కాబట్టి మా నాయన మాట నెగ్గింది. సాయంత్రం గడప బయటే కాళ్లూ చేతులూ కడిగించి గానీ ఆమె నన్ను లోపలికి రానిచ్చేది కాదు. రెండేళ్లకు ఆ కడిగించడం ఆగిపోయింది. ఆమె మనసు మారిందో, ఓపిక తగ్గిందో నేను చెప్పలేను. కానీ మాల పిల్లల పక్కన, మాదిగ పిల్లల పక్కన, కోయ పిల్లల పక్కన ఒకే చాప మీద కూర్చోవడం నాకు ఆ గదిలోనే అలవాటైంది. ఊళ్లో అటువంటి చాప ఇంకెక్కడా పరవలేదు.

గది నడిచే పద్ధతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తూర్పు గోడ దగ్గర ఒక మెట్టు ఎత్తున తిన్నె. శనివారం దాకా దాని ముందు తెల్లటి తెర వేసి ఉండేది. తెరకు ఇవతల నాలుగు తరగతులు, ఒక్కొక్కటి ఒక్కో మూల. ఒకటో తరగతి ఎక్కం చెబుతుంటే నాలుగో తరగతి పద్యం తప్పేది. శనివారం మధ్యాహ్నం మేమే నల్లబల్లలు తీసి గోడకు ఆనించేవాళ్లం, ఆడపిల్లలు పేడతో అలికేవాళ్లు. ఆదివారం తెర తొలగేది. సోమవారం పొద్దున వెళితే కొవ్వొత్తుల వాసన ఇంకా ఉండేది. మూలలో కుండ అడుగున బియ్యపు గింజలు కనిపించేవి.

గంట అంటే రైలు పట్టా ముక్క. వేపచెట్టుకు వేలాడేది. బడికి ఒక రకంగా, ఆరాధనకు ఇంకో రకంగా, ఎవరైనా పోతే ఆగి ఆగి, మూడు రకాలుగా కొట్టేవారు. క్రైస్తవులు కానివాళ్ల ఇళ్లలో కూడా ఆ మూడూ తెలుసు.

ఇంతవరకు రాసింది చదివి మీరు సంతోషించి ఉంటారు. నేనూ ఇక్కడే ఆపితే సంచికకు నిండుగా ఉండేది. కానీ చరిత్ర అన్నాక ఇంకో సంగతి కూడా చెప్పాలి.

ఒకటో తరగతిలో నా పక్కన ఒక కోయ పిల్లవాడు కూర్చునేవాడు. అడవి లోపలి గూడెం నుంచి వచ్చేవాడు. మాట తక్కువ. వేసవి ముందు ఒంటిపూట బడి రోజుల్లో ఒకనాడు లేచి నిలబడి “ఏరు” అన్నాడు. పంతులుగారు “ఏటికి ఇప్పుడు కాదు, బడి వదిలాక పో, కూచో” అన్నారు. కూర్చున్నాడు. కొంతసేపటికి మళ్లీ లేచి అదే మాట అన్నాడు. మేమంతా నవ్వాం. ఈసారి కసిరారు. వాడు మళ్లీ లేవలేదు. బడి వదిలేదాకా తల వంచుకుని కూర్చున్నాడు. ఆ పంతులుగారు చెడ్డవారు కారు. మా అందరిలోకీ పేద ఇంటివాడికి తన పంచె చింపి సంచి కుట్టించి ఇచ్చిన మనిషి. రెండో తరగతి సగంలో ఆ పిల్లవాడు రావడం మానేశాడు.

పదిహేనేళ్ల తర్వాత నేను టీచరునై ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలలో చేరాను. మొదటి వారంలోనే ఒక పాప నా దగ్గరికి వచ్చి అదే మాట అంది. పక్కనున్న పెద్ద పిల్ల “నీళ్లడుగుతోంది సార్” అంది. కోయ భాషలో ఏరు అంటే నీళ్లు. మన ఏరు, వాళ్ల ఏరు, ఒకే తల్లి బిడ్డలైన మాటలు. ఆ రోజు పాపకు నీళ్లిచ్చి, నేను తరగతి బయటికి వచ్చి కాసేపు నిలబడ్డాను. నా పక్కనున్నవాడు ఆనాడు అడిగింది మంచినీళ్లు. కడవ మా వెనకే, నాలుగు బారల దూరంలో ఉంది.

ఇప్పుడు దుమ్ముగూడెం సంగతికి వస్తాను. పందొమ్మిదో శతాబ్దంలోనే అక్కడి మిషన్‌వాళ్లు కోయ భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకం అచ్చు వేశారు. తెర అవతల, అంటే గుడిలో, ఆ భాషకు కొంత చోటు దొరికింది. తెర ఇవతల, మన బడిలో, దొరకలేదు. ఒకే గదిలో ఇన్ని పనులు కుదిరినప్పుడు ఇదొక్కటి ఎందుకు కుదరలేదు? ఉర్దూ రాజ్యంలో మన పిల్లలకు తెలుగు దొరకలేదని మన పెద్దలు బాధపడ్డారు, న్యాయమైన బాధ. 1930లో ఆంధ్రమహాసభ మొదటి సమావేశం జరిగింది, గ్రంథాలయాలు వెలిశాయి. అదే బాధ తెలుగు బడిలో కోయ పిల్లవాడికి ఉంటుందని మాత్రం మనకు తట్టలేదు. ఇది ఒక పంతులి తప్పు కాదు. మా నవ్వులో కూడా ఆ తప్పు ఉంది.

ఇది అసాధ్యమైన పనేమీ కాదు. నిజాం రాజ్యంలోనే, ఆదిలాబాదు అడవుల్లోని మార్లవాయిలో, 1943లో హైమెన్‌డార్ఫ్ పూనికతో గోండు యువకులకు టీచరు శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు వేసి, కొన్ని బడుల్లో చిన్న తరగతులు నడిపారు. నేను ఆ కోయ వాచకం చేతిలో పట్టుకున్న రోజు మొదట వెతికింది ఏ మాటో మీకు చెప్పనక్కర్లేదు.

మన బిల్డింగుకు సంబంధించి ఇంకో సంవత్సరం కూడా గుర్తుంచుకోవాలి. 1986 ఆగస్టు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఊళ్లకు ఊళ్లు మునిగాయి. మనది ఎత్తు మీద ఉన్న ఊరు కాబట్టి నది ఒడ్డు జనం పిల్లాజెల్లా, కోళ్లూ మేకలతో వచ్చి ఆ గదిలోనే తలదాచుకున్నారు. తెర తీసేశారు, తిన్నె మీద కూడా పడుకున్నారు. బడి లేదు, ఆరాధన లేదు. రైలు పట్టా ముక్కను అన్నానికి పిలవడానికి కొట్టారు. ఆ కొద్ది రోజులూ ఆ గది గుడి కాదు, బడి కాదు. అయినా దాన్ని కట్టినవాళ్లు చూసి ఉంటే రెండూ అక్కడే ఉన్నాయనేవారు.

తర్వాత బడికి పక్కా భవనాలు వచ్చాయి. సంఘం కూడా కొత్త దేవాలయం కట్టుకుంది. పాత గది రెంటికీ చెడ్డ రేవడి అయింది. పెంకు జారితే బడివారు సంఘం వైపు చూస్తారు, సంఘంవారు బడి వైపు చూస్తారు. ఇద్దరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోయింది. పోయిన వానాకాలం పడమటి గోడ ఒక మూల కూలింది. ఇప్పుడు మన సంఘం ముందు ఒక ప్రతిపాదన ఉంది: దాన్ని తీసేసి, అదే చోట స్వర్ణోత్సవ జ్ఞాపకంగా కొత్త హాలు కట్టాలని, దాతల పేర్లు ముఖద్వారం మీద చెక్కించాలని. ఆ ప్రతిపాదన తెచ్చిన మిత్రుల మనసు మంచిదే. చాలామంది మొదటి జీతం నుంచి బడికి పంపినవాళ్లు. వాళ్లతో నాకు తగాదా లేదు, మాట మాత్రం ఉంది.

దుమ్ముగూడెంలో హేగ్ పేరు, కెయిన్ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. డోర్నకల్‌లో అజరయ్యగారి పేరు ఉంది. పిడికెడు బియ్యం జీతానికి నాలుగు తరగతులూ ఒక్క గొంతుతో చెప్పి, రాత్రి లాంతరు పట్టుకుని ఇంకో ఊరు వెళ్లిన పల్లె పంతుళ్ల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. మన గదికి శిలాఫలకం లేకపోవడం నాకు మొదట లోటుగా కనిపించింది. నాలుగు వారాలు దాని చుట్టూ తిరిగాక ఇంకోలా అనిపిస్తోంది. అది పేరు పెట్టుకునే స్తోమత లేనివాళ్లు కట్టిన గది. దాన్ని తీసేస్తే వాళ్ల గుర్తుగా ఇంకేమీ మిగలదు.

కాబట్టి మహాసభలో నేను మూడు మాటలు అడుగుతాను, ఇక్కడే ముందుగా చెబుతున్నాను. ఒకటి, కూలిన మూల కట్టించి, పెంకు మార్పించి, ఆ గదిని ఉంచాలి. అయ్యే ఖర్చు కొత్త హాలు పునాదులకయ్యేంత కూడా కాదని మేస్త్రీ లెక్క వేసి చెప్పాడు. రెండు, అందులో మనకు చదువు చెప్పిన ప్రతి పంతులు పేరూ, మీకు గుర్తున్నంతవరకు, ఇంటిపేరు తెలియకపోయినా ఊరిపేరుతో సహా రాసి పంపండి. గోడ మీద రాయిద్దాం. పేరు గుర్తులేకపోతే వారి కంఠం, వారి బెత్తం, వారి సైకిలు, ఏది గుర్తుంటే అది రాయండి. ఇంకొకరికి దానితో పేరు గుర్తొస్తుంది. మూడు, ఆ గదిలో ఒకటో తరగతి మళ్లీ పెట్టాలి. కోయ వచ్చిన టీచరమ్మను పెట్టి, మొదటి ఏడాది కోయలో మొదలుపెట్టి తెలుగులోకి తీసుకురావాలి. ఆమె జీతం మన సంఘం భరించాలి. ఒకప్పుడు పిడికెడు బియ్యంతో ఊరు భరించింది, ఇంతమందిమి మనం భరించలేమా?

సంపాదకవర్గం వారికి ఒక మనవి. మీరు అడిగిన తేదీ ఇవ్వలేకపోయాను, కట్టించినవారి పేరూ ఇవ్వలేకపోయాను. నాలుగు పేజీలు కూడా దాటాను. క్షమించండి. స్వర్ణోత్సవం నాడు మీరంతా వస్తారు కదా, భోజనాలకు ముందు ఒకసారి ఆ గదిలోకి రండి. చెప్పులు బయట విడిచి రండి, ఎప్పుడూ అలాగే వెళ్లాం. తూర్పు గోడ పక్కన కడవ పెట్టిస్తున్నాను. ఎవరు ఏ భాషలో అడిగినా నీళ్లుంటాయి.